పేరు అడగలేకపోయిన డాక్టరమ్మకు

అమ్మకు క్యాన్సర్ ఎముకలకు పాకింది. చాలాకాలంగా నొప్పికి మార్ఫిన్ మాత్రల మీదే ఉంది. మొన్న విశాఖ గాజువాకలో ఇంట్లోనే జారిపడి తొడ ఎముక విరిగితే ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. రాడ్ బాగానే వేశారు. ఆ రాత్రి నొప్పే భరించలేకపోయింది. ఇచ్చిన ఇంజెక్షన్ అందరికీ ఇచ్చే డోసే. పైగా "మార్ఫిన్ అలవాటైన మనిషి, అడుగుతూనే ఉంటుంది" అని అమ్మకు వినబడేలా అన్నారొకరు. అమ్మ దుప్పటి అంచు పళ్ల మధ్య బిగించి పడుకుంది.

మత్తు విభాగం పీజీ డాక్టరమ్మ వేరే పేషెంటు కోసం వచ్చి, అమ్మను చూసి ఆగారు. "ఇంటి దగ్గర రోజుకు ఎన్ని మాత్రలమ్మా? ఆఖరుది ఎప్పుడు వేసుకున్నారు?" అని అమ్మనే అడిగారు. మేం ముందే చీటీ చూపించినా, ఆపరేషన్ రోజు పొద్దుట నుంచి మార్ఫిన్ ఇవ్వనే లేదని అప్పుడు బయటపడింది. ఆ చెమటలు, ఆవలింతలు, వణుకు మందు ఆగినందుకట. "రోజూ వేసుకునేది పాత నొప్పికే సరి. ఒళ్లు దానికి అలవాటు పడింది కాబట్టి కోత నొప్పికి మామూలు డోసు ఆనదు. ఇది వ్యసనం కాదమ్మా" అన్నారు.

పెద్ద డాక్టరుతో ఫోన్లో మాట్లాడి మార్ఫిన్ మళ్లీ మొదలుపెట్టించారు. స్కానింగ్‌లో చూసుకుంటూ గజ్జల దగ్గర నరానికి మత్తు ఇచ్చారు. పారాసిటమాల్, కొద్దిగా కెటమిన్ అనే నొప్పి తగ్గించే మందు కలిపారు. వేలికి ఆక్సిజన్ క్లిప్ పెట్టి, ఊపిరి లెక్కపెడుతూ స్టూలు మీద కూర్చున్నారు. "నొప్పి ఉందని మీరంటే ఉన్నట్టేనమ్మా" అని నుదుటి మీద చెయ్యి వేశారు. అక్కడే నాకు ఏడుపు ఆగలేదు. తల్లీ, మీ రుణం ఎలా తీర్చుకోను? అమ్మ ఈరోజు వాకర్ పట్టుకుని నిలబడింది.

ఒక్క మాట అనకుండా ఉండలేను. మార్ఫిన్ లాంటి మందులు రోగులకు అందాలనే 2014లో మత్తుమందుల చట్టాన్ని (ఎన్‌డీపీఎస్) సవరించారు. జగదాంబ నుంచి గాజువాక దాకా ఏ షాపులో అడిగినా "అది మేం ఉంచమండీ" అంటారు. ఆపరేషన్ ఫారంలో షుగరుకు, బీపీకి గడులున్నాయి, మార్ఫిన్‌కు ఒక గడి పెట్టలేరా?

అన్నయ్య, వదిన ఎలాగూ పక్కనే ఉన్నారు. అయ్యో, రక్తం ఇచ్చిన స్టీల్ ప్లాంట్ కుర్రాళ్లను మర్చిపోయాను, చల్లగా ఉండండి నాయనా. ఫ్లాస్కులో పాలు పంపిన పక్క బెడ్ అక్కకు కూడా. కూర్మన్నపాలెం ఆటో బాబాయ్, ఆ రోజు చిల్లర లేదని మీరు డబ్బులు తీసుకోలేదు. ఇల్లు తెలుసుగా, వచ్చి తీసుకోండి.