పేరు చదవనివ్వండి
సీరియళ్లు, సినిమాల టైటిల్స్‌లో క్యారెక్టర్ ఆర్టిస్టుల పేర్లు చదివే వీలే లేకుండా పరిగెత్తించడం మానాలి. టీవీలో అయితే మరీ అన్యాయం, తండ్రి వేషం, ఎస్సై వేషం వేసినవాళ్ల పేర్లన్నీ ఆఖర్లో చీమల బారులా సగం స్క్రీన్‌లో పోతుంటాయి, మిగతా సగంలో రేపటి ఎపిసోడ్ ప్రోమో. అందుకే ఏళ్ల తరబడి నటించినా జనానికి 'అదే, ఆ విలన్ ఉన్నాడే' గానే మిగిలిపోతారు. జయప్రకాశ్ రెడ్డి గారినే తీసుకోండి. 1997లో 'ప్రేమించుకుందాం రా', 1999లో 'సమరసింహారెడ్డి' తర్వాత సీమ యాస ఫ్యాక్షనిస్టుగా ముద్ర పడిపోయింది గానీ, టీచరు ఉద్యోగం చేస్తూ నాటకాలాడిన మనిషని, స్టేజీ మీద ఒక్కరే నిలబడి 'అలెగ్జాండర్' నాటకం మొత్తం నడిపించారని ఎంతమందికి తెలుసు? 2020 సెప్టెంబరులో ఆయన పోయినప్పుడు కూడా నేను చూసిన ఛానళ్లలో తిప్పి తిప్పి వేసినవి సినిమా బిట్లే. ఛానళ్లు ప్రోమో కాసేపు ఆపి, పాత్ర పేరు పక్కన నటుడి పేరు కనీసం రెండు సెకన్లు నిలపాలి. మీ పత్రిక కూడా సమీక్షల్లో 'మిగతావారు తమ పరిధి మేరకు నటించారు' అని తేల్చేయకుండా, ఆ మిగతావారు ఎవరో, రంగస్థలం నుంచి వచ్చినవాళ్లయితే ఏం ఆడారో ఒక్క లైన్ రాయాలి.
- ఓ నాటకాభిమాని, తెనాలి