మందులు, పరీక్షలు, పసరు: వదినకు ఉత్తరం

బర్మింగ్‌హామ్

వదినకు నమస్కారాలు.

అన్నయ్య డిశ్చార్జ్ కాగితాలు మొత్తం చదివాను. మంచి ఆసుపత్రుల్లో లివర్ మార్పిడి అయినవాళ్ళు నూటికి సుమారు 90 మంది మొదటి ఏడాది దాటుతున్నారు. ధైర్యంగా ఉండండి. కానీ ఈ మూడు నెలలూ కళ్ళు మందుల మీదే ఉండాలి.

టాక్రోలిమస్, అంటే రోగనిరోధక శక్తిని అణచి కొత్త లివర్‌ని కాపాడే మందు, ఉదయం 8కి వేస్తే రాత్రి 8కి వేయాలి. రక్తపరీక్ష రోజున మాత్రం పొద్దుటి మాత్ర వెంట తీసుకెళ్ళి, రక్తం ఇచ్చాకే వేయండి. ముందే వేస్తే రక్తంలో మందు లెవెల్ ఎక్కువ చూపిస్తుంది, డాక్టరు డోసు తగ్గిస్తారు, రిజెక్షన్‌కి, అంటే ఒళ్ళు కొత్త లివర్‌ని తిప్పికొట్టడానికి, దారి తెరుచుకుంటుంది. రిజెక్షన్‌కి చాలాసార్లు నొప్పీ జ్వరమూ ఉండవు. రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైములు పెరగడమే దాని కబురు. తొందరగా పట్టుకుంటే ఎక్కువమందికి కొద్దిరోజుల స్టిరాయిడ్ ఇంజెక్షన్లతో సర్దుకుంటుంది. అన్నయ్య హుషారుగా ఉన్నాడని పరీక్ష వాయిదా వేయకండి.

నా భయమల్లా బైల్ డక్ట్ గురించి, అంటే పైత్యరసం పారే గొట్టం. మీరిచ్చిన లివర్ ముక్కలో ఆ గొట్టాలు సన్నగా ఉంటాయి, ఒక్కోసారి రెండు మూడు ఉంటాయి. అతికిన చోట మొదట్లో కారవచ్చు, నెలల తర్వాత ఇరుకైపోవచ్చు. అప్పుడు ఒళ్ళంతా దురద, ముదురు పసుపు మూత్రం, తెల్లబారిన మలం, చలిజ్వరం. కళ్ళు పచ్చబడితే ఊళ్ళో ఎవరో ఒకరు పసరు వేయించమంటారు. వద్దు వదినా! మూసుకుపోయిన గొట్టాన్ని ఏ పసరూ తెరవదు. ఈఆర్‌సీపీ చేసి, అంటే నోటి గుండా కెమెరా గొట్టం పంపి, ఇరుకును తెరిచి ఉంచే స్టెంట్ అనే చిన్న గొట్టం వేయాల్సిందే. తిప్పతీగ కషాయం కూడా వద్దు. మనం మందులతో అణచి ఉంచిన రోగనిరోధక శక్తినే అది రేపుతుంది. దానివల్ల లివర్ దెబ్బతిన్నవాళ్ళూ ఉన్నారు.

పంపరపనస ఇంట్లోకి రానివ్వకండి, టాక్రోలిమస్ లెవెల్ పెంచేస్తుంది. మందుల షాపులో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర ఇస్తే తీసుకోవద్దు, కిడ్నీలకు దెబ్బ. నొప్పికి పారాసిటమాలే, అదీ రోజుకు 2 గ్రాములు దాటకుండా. జ్వరం 100.4 దాటితే రాత్రయినా సరే ఆసుపత్రికి ఫోన్ చేయండి. టాక్రోలిమస్ వల్ల చేతులు వణికినా, షుగర్ పెరిగినా డాక్టరుకు చెప్పండి, మీ అంతట మీరు మాత్ర ఆపకండి.

ఇక మీ సంగతి. లివర్ రెండు మూడు నెలల్లో చాలావరకు పెరుగుతుంది, పొట్ట కోత అంత త్వరగా గట్టిపడదు. బిందెలు, గ్యాస్ సిలిండర్ ఎత్తితే కోత దగ్గర పేగు బయటికి ఉబికి హెర్నియా రావచ్చు. పిల్లలకు చెప్పండి, వాళ్ళు ఎత్తుతారు.

వచ్చే రిపోర్టులో టాక్రోలిమస్ లెవెల్‌తో పాటు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము అంకె కూడా పంపండి. గొట్టం ఇరుకైతే చాలాసార్లు ముందు పెరిగేది అదే.

మీ మరిది