చలి ముదరకముందే గీజర్ల తనిఖీ: ఈ ఆదివారం

అందరికీ నమస్కారం 🙏

ఆదివారం ఉదయం 9 నుంచి 1 వరకు ప్లంబర్, ఎలక్ట్రీషియన్ ఇద్దరూ వస్తున్నారు. కావాల్సినవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఫ్లాట్ నంబర్ ఇక్కడే పెట్టండి.

వాళ్లు రావడానికి రెండు గంటల ముందే గీజర్ ఆపేయండి, నీళ్లు చల్లారాలి. కింద బకెట్లు, బట్టలు తీసేయండి.

ట్యాంకు అడుగున పేరుకున్న సున్నం కడిగించండి. అది ఎలిమెంట్‌కు (నీళ్లు కాచే కడ్డీకి) పట్టేస్తే నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, చివరికి ఎలిమెంటే కాలిపోతుంది. మెగ్నీషియం రాడ్ అరిగి లోపలి తీగ కనిపిస్తుంటే మార్చేయాల్సిందే; అది లేకపోతే ట్యాంకుకే తుప్పు పడుతుంది. సేఫ్టీ వాల్వ్ లివర్ ఎత్తితే నీళ్లు రావాలి. రాకపోతే వాల్వ్ బిగుసుకుపోయినట్టే, వాయిదా వేయకండి.

పని అయ్యాక వేడినీళ్ల కుళాయి తిప్పి, ధార ఆగకుండా వచ్చాకే స్విచ్ వేయండి. ఖాళీ ట్యాంకుతో వేస్తే కొత్త ఎలిమెంట్ కూడా దక్కదు. థర్మోస్టాట్ 60 డిగ్రీల దగ్గర పెడితే చాలు. పిల్లలున్న ఇంట్లో ముందు బకెట్‌లో చన్నీళ్లు, తర్వాతే వేడినీళ్లు.

గ్యాస్ గీజర్ బాత్రూమ్ లోపల ఉన్నవాళ్లు దయచేసి బయటికి మార్పించండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. మూసిన గదిలో నిమిషాల్లో స్పృహ తప్పిస్తుంది. కిటికీ కాస్త తీశాం కదా అంటే కుదరదు. బొగ్గుల కుంపటి పడకగదిలో పెట్టినా ఇదే ప్రమాదం.

రూమ్ హీటర్‌ను ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టొద్దు, నేరుగా 16 ఆంపియర్ల సాకెట్‌కే. దుప్పట్లు, కర్టెన్లు మీటరు దూరంలో ఉండాలి.

మళ్లీ చెబుతున్నా: పేర్లు శుక్రవారం రాత్రి వరకే. ఆ సమయానికి ఇంట్లో ఉండనివాళ్లు తాళం పక్కింట్లో ఇచ్చి, ఆ మాట గ్రూప్‌లో చెప్పండి.