మా బాత్రూమ్ బాగుచేసిన టైల్స్ మేస్త్రి గారికి మా అమ్మ తరఫున, నా తరఫున కృతజ్ఞతలు

నిన్న కార్తీక పాడ్యమి. తెల్లవారుజామున నాలుగున్నరకి మా బాత్రూమ్ తలుపుకి లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది. అమ్మ స్నానానికి వెళ్ళింది. ఒక్కతే వెళ్ళింది. శ్రావణంలో అక్కడే కాలు జారి పడ్డప్పటి నుంచి తలుపు ఓరగా ఉంచి, బయట నేనో మా అమ్మాయో నిలబడితే తప్ప అమ్మ నీళ్ళు పోసుకోలేదు. 71 ఏళ్ళ మనిషి, ఆ మూడు నెలలూ ఎంత సిగ్గుతో చచ్చిపోయిందో నాకు తెలుసు. గడియ చప్పుడు విని మంచం మీదే కూర్చుని ఏడ్చేశాను.

ఇప్పుడు రాత్రి పదకొండయింది. తొమ్మిది రోజుల సిమెంటు దుమ్ము ఇంకా అల్మరాల్లో ఉంది. దీపావళికి ఇల్లు కూడా సరిగ్గా కడుక్కోలేదు. ఒళ్ళు హూనమైపోయింది. అయినా ఇది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మాది విజయనగరం, దాసన్నపేట వైపు. నిరుడు పైడితల్లమ్మ పండక్కి చుట్టాలు వస్తారని పాత బాత్రూమ్‌కి టైల్స్ వేయించాం. 7 అడుగులకి 5 అడుగుల గది. సామానుతో కలిపి 85 వేలు అన్నాడు కాంట్రాక్టరు. సిరిమానోత్సవం లోపల అప్పగిస్తానన్నాడు. పని సగంలో ఉండగానే 70 వేలు ఇచ్చేశాం. మూడు రోజుల్లో పూర్తయింది, తళతళలాడింది, వచ్చినవాళ్ళందరూ బాగుందన్నారు.

నెల తిరక్కుండానే నీళ్ళు జాలీ వైపు పోకుండా కమోడ్ పక్కన నిలవడం మొదలైంది. చీపురుతో ఎంత తోసినా మళ్ళీ అక్కడికే వచ్చేవి. పడకగది గోడకి నెమ్మెక్కి పెయింటు పెచ్చులు లేచింది. ఫోన్ చేస్తే మీ వాడకం సరిగ్గా లేదన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. శ్రావణ శుక్రవారం పొద్దున్న అమ్మ ఆ నిలవ నీళ్ళలోనే జారింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు.

కట్టు విప్పాక ఒకరోజు, బకెట్ తగిలి పగిలిన టైల్ ముక్క ఒకటి సంచిలో వేసుకుని టైల్స్ కొట్టుకి వెళ్ళాను. అలాంటివే నాలుగు దొరికితే మార్పిద్దామనుకున్నాను. ఆ బ్యాచ్ అయిపోయిందమ్మా, ఇప్పుడు వచ్చేది రంగు కలవదు అన్నాడు కొట్లో కుర్రాడు. అక్కడ బల్ల మీద ఒక పెద్దాయన కూర్చున్నారు. నడుముకి టేపు, చేతిలో టీ గ్లాసు. ముక్క ఇలా ఇమ్మని తీసుకుని, దాని ముందు వైపు చూడనే లేదు. వెనక్కి తిప్పి చూశారు.

"దీనికి సిమెంటు అంటనేలేదమ్మా. ఇది మార్చినా పక్కది పగుల్తాది. ఇంట్లో పెద్దోలెవరైనా ఉన్నారేటి?" అన్నారు.

ఉన్నారని, పడిందని చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టేశారు. సాయంత్రం నెల్లిమర్ల వెళ్ళే దారిలో మా ఇంటికొచ్చి చూస్తానన్నారు. చూసినందుకు డబ్బులేమీ వద్దన్నారు. ఇలాంటి మాటలు చాలా విని ఉన్నాను కాబట్టి నేను నమ్మలేదు. అయిదున్నరకల్లా మోపెడ్ మా గుమ్మం ముందు ఆగింది.

జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి ఒక్కో టైల్ మీద కొట్టుకుంటూ వెళ్ళారు. డొల్లగా మోగిన ప్రతిదాని మీదా సుద్దముక్కతో గుర్తు పెట్టారు. నేల మీద 35 టైల్స్ ఉంటే 22 మీద గుర్తులు పడ్డాయి. ఒక మగ్గు నీళ్ళు ఒలకబోసి, అవి ఎటు పోతాయో కూర్చుని చూశారు. ముందు పని చేసినవాళ్ళు పాత గచ్చు కొట్టకుండా దానిమీదే అతికించేశారట. నేల గుమ్మం కన్నా ఎత్తు కాకూడదని సిమెంటు పలచగా, నాలుగు మూలలా ముద్దలు పెట్టి వదిలేశారట. తలుపు దగ్గర నుంచి జాలీ దాకా 5 అడుగులు, ఆ మేరకి కనీసం అంగుళం వాలు ఉండాలి. వాలు ఇవ్వడానికి అక్కడ మందమే లేదు. పైగా బాత్రూమ్‌లో నున్నటి టైల్స్. ఇవన్నీ ఆయన కోపంగా చెప్పలేదు. జబ్బు గురించి చెప్పినట్టు మెల్లగా చెప్పారు.

ఖర్చెంతవుతుందని అడగబోయాను. ఆయన నావైపు చూడకుండా అమ్మని పిలిచారు.

"లెగిసేటప్పుడు ఏ చెయ్యి ఆన్చుతావప్పా?"

అప్పా అంటే మా వైపు అక్కా అని. ఆ ప్రశ్న అమ్మకి మొదట అర్థం కాలేదు. కమోడ్ మూత వేసి కూర్చోబెట్టి, ఎప్పటిలాగే లేవమన్నారు. విరిగిన చెయ్యి కాపాడుకుంటూ అమ్మ ఎడమ అరచెయ్యి గోడకి ఆన్చి లేచింది. "అలాగే ఉంచప్పా, కదపకు" అని ఆ చేతి చుట్టూ సుద్దతో గీత గీశారు. అయిదు వేళ్ళూ, అరచెయ్యీ. "పట్టుకుని లేచే రాడ్డు ఇక్కడ రావాల. ఎవులో చెప్పిన ఎత్తుకి కాదు, నీ చేతికి" అన్నారు.

ఏడాదిగా ఆ బాత్రూమ్ గురించి నేను మాట్లాడని మనిషి లేరు. రంగు గురించి మాట్లాడాను, రేటు గురించి మాట్లాడాను, మోసం గురించి ఎంతో మాట్లాడాను. అమ్మ ఏ చెయ్యి ఆన్చి లేస్తుందో ఒక్కరోజూ చూడలేదు. కడుపున పుట్టిన నేను అడగని మాట, దారిన పోయే మనిషి వచ్చి అడిగారు. వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పుకుని ఏడ్చాను.

పని తొమ్మిది రోజులు పట్టింది. ముందు టైల్స్‌తో పాటు పాత గచ్చు కూడా కొట్టించారు. గోడలో పైపు జాయింటు దగ్గర చిన్న చీలిక కనబడింది, పడకగది నెమ్ము అక్కడి నుంచే వస్తోంది. అది మార్పించి, కొత్తగా వాలు సిమెంటు వేసి ఆరనిచ్చారు. ఆ మీద నీళ్ళు దిగకుండా కోటింగ్ రెండు పూతలు పూశారు. మొదటిది ఒక వాటంగా, అది ఆరాక రెండోది అడ్డంగా. గోడల మీదకి అడుగు ఎత్తు, స్నానం చేసే మూల మాత్రం 6 అడుగులు. అప్పుడు జాలీకి గుడ్డ చుట్టిన చెక్క బిరడా కొట్టి, గదిలో రెండంగుళాల నీళ్ళు నింపి, గోడ మీద పెన్సిల్ గీత పెట్టి వెళ్ళిపోయారు. 24 గంటలు ఎవరూ ముట్టుకోవద్దన్నారు. మర్నాడు ఆ టైముకి వచ్చి, వంగి గీత చూసి, "దిగలేదమ్మా" అన్నారు. ఆ మాటకి మా ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఈసారి గరుకు టైల్స్ తెచ్చాం. టైల్స్ అతికించే గమ్ముని పళ్ళున్న తాపీతో గీరి, టైల్ అద్ది, మధ్యమధ్యలో ఒకదాన్ని పైకి లేపి వెనక వైపు నాకు చూపించేవారు. మొత్తం నిండుగా అంటుకుని ఉండేది. రాడ్డు బిగించే చోట గోడ టైల్స్ కూడా తీసి మళ్ళీ వేశారు. డొల్ల టైల్ మీద రాడ్డు బిగిస్తే మనిషి బరువు పడ్డనాడు టైల్‌తో సహా ఊడి వస్తుందట. ఆఖరి రోజున అమ్మ అరచెయ్యి కొలత చూసుకుని ఇటుకలోకి దిగేలా బిగించారు. తనే రెండు చేతులతో వేలాడి చూశారు.

లెక్క కట్టేటప్పుడు నీళ్ళు నిలబెట్టిన రోజుకి కూలి తీసుకోలేదు. ఆ రోజు నేనేం పని చేశానమ్మా అన్నారు. బతిమాలినా వినలేదు.

మా మేనమామ పోయి ఆరేళ్ళయింది. అప్పటి నుంచి అమ్మ, అన్నదమ్ములకి అన్నం పెట్టే భగినీ హస్త భోజనం రోజున ఏమీ మాట్లాడదు, తన పని తను చేసుకుంటుంది. ఈసారి తనే ఫోన్ చేయించుకుని ఆయన్ని పిలిచింది. ఈ మధ్యాహ్నం వచ్చారు. ఇంకా సరిగ్గా వంగని చేత్తో వద్దంటే వినకుండా తనే వడ్డించింది. బట్టలు పెడితే తీసుకున్నారు. "అప్ప పెట్టింది కదా, కాదనకూడదు" అన్నారు. తన పేరు ఎక్కడా రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు.

భోజనాల దగ్గర తెలిసింది, ఆయన ఇరవై ఏళ్ళకు పైగా హైదరాబాద్, చెన్నైలలో పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లకి టైల్స్ వేశారు. ఊరూరా తిరగడంలో కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు కాలేదు. ఇప్పుడు 60 దాటింది, ఇక కొత్తగా చెయ్యరు. భవన నిర్మాణ కార్మికుల కోసమని 1996లోనే చట్టం వచ్చింది, వాళ్ళ సంక్షేమానికని కట్టడాల ఖర్చు మీద 1 శాతం సెస్సు కూడా ఉంది. అంత పని చేసిన మనిషి చేతిలో ఒక్క కార్డు లేదు. మా పని పాడుచేసినతని దగ్గర మాత్రం రంగురంగుల విజిటింగ్ కార్డు ఉంది. కరెంటు పని చెయ్యడానికి పర్మిట్ ఉండాలి. మనుషులు జారి ఎముకలు విరగ్గొట్టుకునే చోట టైల్స్ వెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదా? ఒక ఆఫీసుకి వెళ్తే పక్కా బిల్లు లేకుండా ఎందుకిచ్చారమ్మా డబ్బులు అని మమ్మల్నే అడిగారు. ఆ రోజు మెట్లు దిగుతుంటే నాకు కాళ్ళాడలేదు. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేశాను. తెలిసిన లాయర్ గారు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళ లోపు కేసు వెయ్యొచ్చని, మేం ఇచ్చిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదని చెప్పారు. ఫోన్‌పే లెక్కలు, మెసేజీలు, సుద్ద గుర్తులున్న ఫొటోలు దాచాను. ఒంట్లో ఓపిక రాగానే వేస్తాను. ఇలా మోసపోయినవాళ్ళు ఉంటే టైల్స్ కొట్టించకముందే ఫొటోలు తీసుకోండి, దయచేసి.

తమ్ముడు హైదరాబాద్ నుంచి డబ్బు పంపాడు. మా ఆయన సెలవు పెట్టి సిమెంటు బస్తాలు మోశారు. అమ్మాయి వంట చూసుకుంది.

ఎదురింటి పిన్నిగారిని మర్చిపోతే పాపం తగులుతుంది. తొమ్మిది రోజులూ వాళ్ళ బాత్రూమ్ తాళంచెవి మా ఇంట్లోనే ఉంచేశారు. పైపు మార్చిన ప్లంబర్ తమ్ముడు పండగ ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి కూడా వచ్చాడు. టైల్స్ కొట్టు కుర్రాడు మిగిలిన రెండు పెట్టెలూ మాట్లాడకుండా వెనక్కి తీసుకున్నాడు. రబ్బీసు మూడు ట్రిప్పులు తోలిన ఆటో బాబుకీ, సెలవు అడగ్గానే ఇచ్చిన మా హెడ్‌మాస్టర్ గారికీ నమస్కారాలు.

అయ్యో, ఇంకొకరు. మేస్త్రి గారితో రోజూ వచ్చి ఇసుక జల్లించి, ఆ రాళ్ళన్నీ తట్టల్లో మోసిన అక్క. వెళ్ళేముందు రోజూ మా గుమ్మం కూడా తుడిచి వెళ్ళేది. తొమ్మిది రోజులు మా ఇంట్లో టీ తాగిన మనిషి, పేరు అడగనే లేదు నేను. రేపు పొద్దున్నే మేస్త్రి గారికి ఫోన్ చేసి కనుక్కుంటాను.