అక్షింతల పురుగుకూ సోకుతుంది

సంపాదకులకు నమస్కారం.

పేనుబంకకూ తెల్లదోమకూ రసాయనాల బదులు శిలీంధ్రంతో (బూజు లాంటి జీవితో) తయారైన పురుగుమందులు వాడమని వ్యవసాయ పేజీల్లో తరచూ వస్తోంది. మంచిదే, నేనూ ఆ పక్షమే. కానీ చివర్లో ‘మిత్రపురుగులకు ఎలాంటి హానీ ఉండదు’ అని ఒక వాక్యం తగిలించి వదిలేస్తున్నారు. నా పేచీ దాంతోనే.

ఈ మందుల్లో వాడే బవేరియా బాసియానా అనే శిలీంధ్రం సంగతే చూడండి. పురుగు దాన్ని తినక్కర్లేదు. సిద్ధబీజం (శిలీంధ్రానికి విత్తనంలాంటి కణం) ఒంటికి అంటుకుంటే చాలు, తేమ తగలగానే మొలకెత్తి, పైపొరను కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. కొన్నాళ్లకు పురుగు చస్తుంది, కీళ్ల సందుల్లోంచి తెల్లటి బూజు బయటికొస్తుంది. అసలు ఈ శిలీంధ్రం సంగతి బయటపడిందే పట్టుపురుగుల జబ్బు వల్ల. ఇటలీలో అగొస్తీనో బాస్సీ 1835లో దాన్ని ప్రకటించాడు. పేనుబంకను తినే మిత్రపురుగులైన ఏడు చుక్కల అక్షింతల పురుగులు చలికాలం గుంపుగా దాక్కున్నప్పుడు, ఎవరూ ఏ మందూ కొట్టకపోయినా దీనితో చస్తుంటాయి. ఇక కొబ్బరి కొమ్ముపురుగు మీద మెటారైజియం అనే ఇలాంటి మరో శిలీంధ్రాన్ని వాడుతున్నారు కదా, ఆ కొమ్ముపురుగూ అక్షింతల పురుగులాగే పెంకుపురుగే!

అలాగని భయపెట్టడం లేదు. స్ట్రెయిన్‌ను (ఒకే శిలీంధ్రంలోని ఉపరకాన్ని) బట్టి తీవ్రత మారుతుంది. హార్మోనియా అనే ఆసియా రకం అక్షింతల పురుగు బవేరియాను బాగానే తట్టుకుంటుంది, ఏడు చుక్కలది అంతగా తట్టుకోలేదు. ఎండకు సిద్ధబీజాలు చచ్చిపోతాయి కాబట్టి ల్యాబులో కనిపించినంత నష్టం పొలంలో తరచూ కనిపించదు. కానీ సాయంత్రం పూట కొట్టమనేది ఆ సిద్ధబీజాలు బతకాలనే. బూజు అంటిన ఆకుల్ని ఎదిగిన అక్షింతల పురుగులు తప్పించుకుంటాయని కూడా తేలింది. మరి రెక్కలు రాని వాటి పిల్లపురుగు ఎక్కడికి పోతుంది? నల్లగా, ఒంటి నిండా ముళ్లతో చిన్న మొసలిలా ఉంటుంది. పేనుబంక కోసం తడి ఆకుల మీద అంగుళం అంగుళం వెతుక్కుంటూ పాకేది అదే. (చీడపురుగనుకుని దాన్ని నలిపేసేవాళ్లూ ఉన్నారు, అది వేరే బాధ.)

మందు ప్యాకెట్ మీద స్ట్రెయిన్ పేరు, ఏ మిత్రపురుగుల మీద పరీక్షించారో, పిల్లపురుగుల మీద చూశారో లేదో ముద్రించాలి. పిండినల్లిని తినడానికి క్రిప్టోలీమస్ అనే మరో రకం అక్షింతల పురుగుల్ని పొలంలో వదిలేవాళ్లకు, పిచికారీ అయ్యాక ఎన్ని రోజులు ఆగాలో కూడా చెప్పాలి. ఈ మందుల గురించి రాసేముందు మీ విలేకరులు కంపెనీలను ఇవే అడిగి, వచ్చిన జవాబులు వేయండి. జవాబు రాకపోతే ఆ మాటా వేయండి.

– ఒక పాఠకుడు