జైసల్మేర్ నుంచి నీకు

ప్రియ మిత్రమా,

రాజస్థాన్ కోటల గురించి రాయమన్నావు. రాస్తాను గానీ, ముందు నీళ్ల సంగతి చెప్పనివ్వు. దేశంలో జైసల్మేర్ తర్వాత వాన తక్కువ పడే జిల్లా మన అనంతపురమే అని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం కదా, అందుకే ఈ ఊరితో నాకేదో చుట్టరికం ఉందనిపించేది. తీరా చూస్తే మనకు ఏటా సగటున 500 మిల్లీమీటర్ల పైనే పడుతుంది. ఇక్కడ 200 కూడా ఉండదు. అయినా 1156లో రావల్ జైసల్ కట్టించిన ఈ ఊరు నేటికీ కళకళలాడుతోంది. ఎలాగన్నదే నా మనసంతా పట్టేసింది.

ఊరి అంచున గడీసర్ చెరువు ఉంది. 14వ శతాబ్దానిది, అంటే మన బుక్కరాయసముద్రం చెరువు ఈడుదే. ఒకప్పుడు ఊరు ఊరంతా ఈ నీళ్లే తాగేది. ఎడారి పల్లెల్లో బేరీలు అని సన్నటి లోతైన బావులు ఉంటాయి. అడుగున భూగర్భజలం ఉప్పు. దానికి పైన ఒక జిప్సం పొర ఉంటుంది. ఇసుకలో ఇంకిన వాన నీరు ఆ పొర మీదే ఆగిపోతుంది కాబట్టి ఉప్పులో కలవదు. మనం ఏటి ఇసుకలో చలమ తీసినట్టే వీళ్లు ఆ తీపి నీటిని ఊరనిచ్చి తోడుకుంటారు. బావి మూతి ఇరుకు కనుక ఎండకు ఆవిరయ్యేదీ తక్కువే.

అన్నిటికన్నా గొప్పవి ఖడీన్లు. రాతి నేల మీద పడిన వాన జారి పల్లానికి వస్తుంది. అక్కడ పొడవాటి మట్టికట్ట వేసి ఆపుతారు. నీరు నేలలోకి ఇంకాక, చలికాలం మొదట్లో ఆ తేమలోనే గోధుమ, శనగ చల్లుతారు. మళ్లీ తడి పెట్టే పనే లేదు! ఈ పద్ధతిని పెంచి పోషించింది పాలీవాల్ బ్రాహ్మణులు. వాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయిన కుల్ధరా ఊరికి జనం దెయ్యాల కథలు వినడానికి వస్తున్నారు. నాకది బాధగా ఉంది. అంత తెలివైన రైతుల ఊరికి దక్కవలసిన పేరు అది కాదు.

ఇక కోట. పసుపు ఇసుకరాయితో కట్టినది, సాయంత్రం ఎండలో నిజంగానే బంగారంలా మెరుస్తుంది. వేలమంది ఇప్పటికీ లోపలే కాపురం ఉంటున్నారు. 2013లో ఈ రాష్ట్రంలోని మరో ఐదు కొండకోటలతో పాటు యునెస్కో జాబితాలో చేరింది. కానీ కోటకు ముప్పు తెచ్చింది కరువు కాదు, నీళ్లే. ఇంటింటికీ కుళాయిలు వచ్చాక వాడుక నీరు కారి కారి కొండలోకి దిగింది, మెత్తటి పునాది కదిలింది, కొన్ని బురుజులు కూలాయి. కడవలతో మోసుకున్న కాలంలో ఒక్క చుక్కా వృథా పోలేదు మరి.

జోధ్‌పూర్ దారిలో పొలాల నిండా ఖేజ్డీ చెట్లు. దసరాకు మనం పూజించే జమ్మి చెట్టే! కాయలు కూరకు, ఆకు మేకలకు. 1730లో ఖేజడ్లీ ఊళ్లో రాజు మనుషులు వీటిని నరకడానికి వస్తే, అమృతాదేవి మొదలుకొని చెట్లను, జంతువులను కాపాడటం తమ ధర్మంగా భావించే బిష్ణోయీలు 363 మంది ఆ చెట్లను కౌగిలించుకుని ప్రాణాలిచ్చారు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇక్కడి నుంచి పడమరగా వెళ్తే పాకిస్తాన్ సరిహద్దు. మాంగణియార్ గాయకులు ముస్లింలు, కానీ తరతరాలుగా రాజపుత్రుల ఇళ్ల పెళ్లిళ్లకు, పురుళ్లకు పాడేది వాళ్లే. కొందరి బంధువులు కంచెకు అవతల సింధులో ఉండిపోయారు. కమాయిచా మీద కమాను లాగుతూ వాళ్లు గొంతెత్తితే కబుర్లన్నీ ఆగిపోతాయి.

పంజాబ్‌లోని హరికే దగ్గర మొదలయ్యే ఇందిరాగాంధీ కాలువ ఇప్పుడు ఈ జిల్లా దాకా వచ్చింది. మంచిదే, తాగునీరు తెచ్చింది. అయితే కాలువ వచ్చిందని ఖడీన్ల కట్టలను గాలికి వదిలేయకూడదని నా గట్టి అభిప్రాయం. కాలువ ఎండిన ఏడు మళ్లీ అవే దిక్కు.

జనవరిలో సెలవు పెట్టుకుని రా. ఖడీన్లలో గోధుమ పచ్చగా ఉంటుంది, మీ నాన్నగారినీ తీసుకురా. చెరువు కట్టల గురించి ఆయనకు తెలిసినంత మనకు తెలియదు, ఇక్కడి రైతులతో ఆయనే మాట్లాడాలి. వచ్చే తేదీ వెంటనే రాయి.

నీ నేస్తం