ఆదివారం కడియపులంక ప్రయాణం: పార్కు మొక్కల కోసం

అందరికీ నమస్కారమండీ.

మన కాలనీ పార్కు ముందు మడికి మొక్కలు తేవడానికి ఈ ఆదివారం కడియపులంక నర్సరీలకు వెళ్తున్నాం. ఉదయం 6 గంటలకల్లా గేటు దగ్గరికి వచ్చేయండి. గోదావరి వంతెన దాటాక జొన్నాడలో టీ తాగుదాం.

పోయినసారి ఎవరికి నచ్చింది వాళ్లం తెచ్చేశాం. ఎర్రాకుల అకాలీఫా పక్కనే ఎర్ర మందారం పెట్టాం. పువ్వు పూసినా దగ్గరికెళ్తే గానీ కనపడలేదు, నాకు చాలా బాధేసింది. అందుకే ఈసారి ముందే అనుకుందాం.

వెనక వరస నందివర్ధనం. ముదురు ఆకుల మీద ఆ తెల్లపూలు దీపాలు పెట్టే వేళకి కూడా తేటగా కనిపిస్తాయి. దాని ముందు ఎర్ర నూరువరహాలు, పొట్టి రకం. అంచుకి పసుపు ఆకుల డ్యురాంటా, కత్తిరిస్తూ ఉంటే మోకాలు దాటదు. మూడూ ఎండ కోరేవే కాబట్టి కలిసి బతుకుతాయి.

కనకాంబరం అడిగిన పిన్నిగారూ, దాన్ని వేపచెట్టు కింద పలచటి నీడలో వేద్దామండీ.

క్రోటన్లు మాత్రం ఒకే రకం, గుంపుగా. పది రంగులు కలిపితే ఏదీ కంటికి ఆనదు.

మనది బంకమట్టి, నీళ్లు నిలుస్తాయి. శనివారం సాయంత్రం 5 గంటలకి మడిని జానెడు ఎత్తు చేసి ఇసుక, పశువుల ఎరువు కలపాలి. పారలున్నవాళ్లు తప్పకుండా తీసుకురండి.

ప్రయాణానికి వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడ పేరు పెట్టండి, బండి మాట్లాడాలి.

ఇంకోమాట: కొనేముందు మొక్క ఉన్న కవరు అడుగు చూడండి. వేళ్లు బయటికొచ్చి చుట్టుకుపోయిన మొక్క వద్దు.